మలుగు చేపలు విశ్రమించే తావు: మన ఊరి నది కథ

పూజకు కూర్చున్న ప్రతివారూ మొదట సంకల్పం చెప్పుకొంటారు. ఏ కల్పంలో, ఏ మన్వంతరంలో, ఏ సంవత్సరంలో ఉన్నామో చెప్పుకొన్న తరువాత, ఏ ద్వీపంలో, ఏ దేశంలో, ఏ పర్వతానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ కూర్చున్నామో దైవానికి విన్నవించుకొంటారు. గోదావరి గట్టున రాజమహేంద్రవరంలో పెరిగిన నాకు చిన్ననాట ఆ వాక్యాలలో ఆలోచించవలసినదేమీ కనిపించేది కాదు. శ్రీశైలం ఎటున్నదో, గోదావరి ఎటున్నదో మా తాతగారికి తెలుసు, పురోహితులవారికి తెలుసు, దేవుడికి ముందే తెలుసు.

టూంగాబీలో స్థిరపడిన తరువాత మా ఇంట జరిగిన తొలి సత్యనారాయణ వ్రతంనాడు పురోహితులవారు సంకల్పంలో ఆ చోటికి వచ్చి ఒక్క క్షణం ఆగి, "అమ్మా, ఇక్కడ నది పేరేమిటి?" అని అడిగారు. నాకు చెప్పడం చేతకాలేదు. మా వీధి చివర ఒక వాగు ఉన్నదని తెలుసు. దానిని నేను వాననీటి కాలువ అనుకొంటూ ఉండేదానిని. పురోహితులవారు సర్దుకొని "సమస్త నదుల సన్నిధిలో" అన్న అర్థం వచ్చే మాట చెప్పి ముందుకు సాగారు. పూజ నిర్విఘ్నంగా ముగిసింది కాని, ఆ ప్రశ్న నాలో ఉండిపోయింది.

ఆ మరుసటి ఉదయం ఇంకొక పొరపాటు చేశాను. వ్రతం పూలు, పత్రి, అక్షతలు, పసుపు గణపతి అన్నింటినీ ఒక సంచిలో తీసుకొనిపోయి, మన ఊరి అలవాటు ప్రకారం పారే నీటిలో కలపాలని ఆ వాగులో వదిలాను. సంచి కూడా చేయి జారి నీటిలో పడింది. కుక్కను తిప్పుతూ అటుగా వచ్చిన మా పొరుగింటి పెద్దావిడ నన్ను కోపగించుకోలేదు. వంగి, కర్రతో ఆ ప్లాస్టిక్ సంచిని ఒడ్డుకు లాగి, "ఈ నీళ్ళలో మలుగులు ఉన్నాయమ్మా, అవి సముద్రం నుంచి వస్తాయి" అన్నది. ఆ ఒక్క మాటతో నా అధ్యయనం మొదలైంది. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ నది చరిత్రను మన సభ్యుల ముందుంచడం, నాడు పురోహితులవారికి ఇవ్వలేకపోయిన సమాధానాన్ని ఆలస్యంగానైనా ఇచ్చే ప్రయత్నమే.

మా వీధి చివరి వాగు పేరు టూంగాబీ క్రీక్. అది తూర్పుగా పారి, వెస్ట్‌మీడ్ సమీపాన డార్లింగ్ మిల్స్ క్రీక్ అనే మరొక వాగుతో కలుస్తుంది. ఆ సంగమం నుంచి దాని పేరు పారమట్టా నది. అక్కడినుంచి అది పారమట్టా నగరం నడుమగా ప్రవహించి, సిడ్నీ నౌకాశ్రయంలో కలుస్తుంది. టూంగాబీ అన్నది ఇక్కడి ఆదివాసులైన ధరుగ్ జనుల మాట. నీటి చెంతనున్న చోటు అనీ, నీరు కలిసే చోటు అనీ దానికి అర్థం చెబుతారు. పారమట్టా పేరు ఈ నదీతీరంలో నివసించిన బురమట్టగల్ అనే వంశం నుంచి వచ్చింది. 'బుర' అంటే మలుగు చేప; మలుగులు విశ్రమించే తావు అని ఆ పేరుకు అర్థం. సముద్రపు ఉప్పునీరు పోటుతో పైకి వచ్చి మంచినీటిని కలిసే చోటు అదే. బురమట్టగల్ స్త్రీలు చెట్టు బెరడుతో చేసిన తేలికైన దోనెలలో కూర్చుండి, గవ్వపెంకులతో అరగదీసిన గాలాలు వేసి చేపలు పట్టేవారు. దోనె నడుమ మట్టి పరచి, దానిపై చిన్న నిప్పు ఉంచుకొనేవారు. నీటిపైనే వంట, నీటిపైనే పసిపిల్లల ఆలనా పాలనా సాగేవి.

1788 జనవరిలో బ్రిటిషువారి తొలి నౌకాదళం ఖైదీలతో సిడ్నీ చేరింది. అక్కడి నేల సేద్యానికి పనికిరాకపోవడంతో గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ నది వెంట పైకి వచ్చి, అదే ఏడాది నవంబరు 2న రోజ్ హిల్ అనే జనపదాన్ని నెలకొల్పాడు. 1791 జూన్‌లో దానికి ఆదివాసుల మాటనే స్వీకరించి పారమట్టా అని పేరు పెట్టారు. ఊరి పేరు మిగిలింది కాని, ఆ పేరు పెట్టుకొన్న మనుషులకు అప్పటికే తీరని ఆపద వచ్చిపడింది. 1789లో సిడ్నీ పరిసరాలలో మశూచి వ్యాపించింది. అక్కడి ఆదివాసులలో దాదాపు సగం మంది మరణించారని ఫిలిప్ అంచనా. మన ఊళ్ళలో అమ్మవారు పోసిందంటే ఇల్లంతా వేపాకు కట్టి, కాచుకొని కూర్చునేవారు. తరతరాలుగా ఎరిగిన రోగం కనుక మనకు దానికొక దేవత, ఒక ఆచారం, కొంత రోగనిరోధక శక్తి ఉండేవి. ఈ జనులకు అవేవీ లేవు. ఒక జాతికి ముందెన్నడూ ఎరుగని రోగం వస్తే ఏమవుతుందో వైద్య విద్యార్థులు పుస్తకంలో చదువుతారు; ఈ నది ఒడ్డున అది జరిగింది.

ఆ రోజులలో ఇద్దరి కథ నన్ను కదిలించింది. అరబానూ అనే ఆదివాసిని బ్రిటిషువారు 1788 డిసెంబరులో బలవంతంగా పట్టి తెచ్చి తమ వద్ద ఉంచుకొన్నారు. మశూచి సోకిన ఆదివాసీ పిల్లలను ఆసుపత్రికి తెచ్చినప్పుడు వారికి దగ్గరుండి సేవ చేసినవాడు ఆ బందీయే. చివరకు ఆ రోగమే అతనికీ సోకి 1789 మేలో మరణించాడు. ఆ పిల్లలలో బూరోంగ్ అనే బురమట్టగల్ బాలిక బతికి బయటపడింది. ఈ దేశంలో రోగికి సేవ చేస్తూ ప్రాణమిచ్చినవారి పట్టిక ఎవరైనా రాస్తే, అందులో తొలి పేర్లలో అరబానూ పేరు ఉండాలని నా భావన.

బూరోంగ్ అన్నగారు బల్లూడెరీ. అతడు పారమట్టాలో తాజా చేపలు తెచ్చి ఇచ్చి, బదులుగా రొట్టె, ఉప్పు మాంసం వంటివి పుచ్చుకొనేవాడు. ఇరువైపులా లాభమున్న చక్కని బేరం అది. 1791లో కొందరు ఖైదీలు ఒడ్డున ఉంచిన అతని దోనెను పగులగొట్టారు. దోనె అంటే అతనికి ఇల్లు, వృత్తి, గౌరవం. గవర్నర్ ఆ ఖైదీలను శిక్షించినా అతని మనసు చల్లారలేదు. తమ ధర్మం ప్రకారం ఒక తెల్లవానిని ఈటెతో గాయపరిచి బదులు తీర్చుకొన్నాడు. దానితో నేరస్థునిగా ప్రకటించబడ్డాడు. చేపల బేరం అంతటితో నిలిచిపోయింది. ఆ ఏడాది చివర జ్వరపడి మరణించినప్పుడు గవర్నర్ తోటలోనే, ఒక దోనెలో ఉంచి, అతని ఈటెలతో సహా సమాధి చేశారు. రెండు జాతులు ఇచ్చిపుచ్చుకొంటూ బతకగల అవకాశం ఈ నదిపై కొంతకాలం నిజంగానే ఉండేదని, అది ఒక దోనెతో పాటు పగిలిందని ఈ వృత్తాంతం చెబుతున్నది.

మన టూంగాబీ చరిత్రలోకి వచ్చింది ఆ ఏడాదే. 1791లో ఫిలిప్ ఇక్కడ ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం స్థాపించాడు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంపై సిడ్నీ, పారమట్టాల తరువాత ఇది మూడవ బ్రిటిషు జనపదం. అంతకు ముందు సంవత్సరం వచ్చిన రెండవ నౌకాదళంలో ఖైదీలలో నలుగురికి ఒకరు చొప్పున సముద్రం మీదనే మరణించారు. ఆ తరువాత దిగినవారు కూడా కృశించి, నిలబడలేని స్థితిలో ఉన్నారు. అటువంటివారి చేత ఇక్కడి యూకలిప్టస్ అడవిని నరికించారు. నాగళ్ళు లేవు, ఎడ్లు లేవు. గునపాలు, పారలతో నేల తవ్వి, బండ్లను మనుషులే లాగి మొక్కజొన్న పండించారు. అరకొర తిండి, కొరడా దెబ్బలు ఆనాటి దినచర్య. 1803 ప్రాంతంలో పనివారిని కాజిల్ హిల్‌కు తరలించడంతో ఈ క్షేత్రం మూతబడింది. ఓల్డ్ టూంగాబీలో నేటి పచ్చిక కింద దాని ఆనవాళ్ళు ఉన్నాయి. మనం సాయంకాలం పిల్లలను ఆడించుకొనే నేల అది.

ఈ క్షేత్రంపై దాడి చేసిన ఆదివాసీ వీరుడు పెముల్వుయ్. తమ వేట అడవులు, దుంపలు దొరికే గట్లు పొలాలుగా మారుతుంటే అతడు కొన్నేళ్ళు తిరుగుబాటు నడిపాడు. 1797 మార్చిలో టూంగాబీపై దాడి జరిగిన తరువాత సాయుధులు అతనిని వెంబడించగా, పారమట్టా వీధులలో పోరాటం జరిగింది. పెముల్వుయ్ తలలోను, శరీరంలోను ఏడు తుపాకీ గుళ్ళు దిగాయి. బతకడనుకొని కాలికి సంకెల వేసి పారమట్టా ఆసుపత్రిలో పడవేశారు. కొన్ని వారాలకు అతడు కాలి సంకెలతోనే తప్పించుకొని పోయాడు. తుపాకులు అతనిని చంపలేవన్న నమ్మకం తన జనంలో స్థిరపడింది. 1802లో మరణించే వరకు అతడు లొంగలేదు. మన్యంలో అల్లూరి సీతారామరాజుగారి పేరు విని పెరిగిన మనకు ఈ కథను ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు.

ఆ ఆసుపత్రిని గురించి ఒక వైద్యురాలిగా రెండు మాటలు. 1790లో చూసినవారి వర్ణన ప్రకారం అది గుడారం ఆకారంలో, పైన గడ్డి కప్పిన రెండు పొడవైన పాకలు; అందులో 200 మంది రోగులు పట్టేవారు. 1792లో ఇటుక భవనం, 1818లో మరొక భవనం వచ్చాయి. నేటి న్యాయస్థానాల సముదాయంలో ఆ పునాదులను భద్రపరచారు. మన తెలుగువారు నిత్యం పలికే రెండు ఊళ్ళ పేర్లు ఆనాటి శస్త్రవైద్యులవే. వెంట్‌వర్త్‌విల్ పేరుకు మూలమైన డార్సీ వెంట్‌వర్త్ దారిదోపిడీ అభియోగాలపై లండన్‌లో విచారణలు ఎదుర్కొని, నిర్దోషిగా బయటపడి, 1790లో ఈ దేశానికి వచ్చి వైద్యుడైనవాడు. హారిస్ పార్క్ పేరుకు మూలమైన జాన్ హారిస్ ఇక్కడికి రాకముందు నౌకాదళ వైద్యునిగా పదేళ్ళలో ఎక్కువ కాలం మన దేశంలోనే గడిపినవాడు. 1789లో గవర్నర్ జేమ్స్ రూజ్ అనే ఖైదీకి ప్రయోగంగా కొంత భూమి ఇవ్వగా, అతడు రెండేళ్ళలో తన తిండి తాను పండించుకొని చూపాడు. ఆ రూజ్ పొందిన 30 ఎకరాలను 1793లో 40 పౌన్లకు కొన్నది హారిస్. ఇప్పుడు మనం దోసెలకు, చీరలకు, నగలకు వెళ్ళే హారిస్ పార్క్ వీధుల పేరు వెనుక భారతదేశం ఎరిగిన ఒక వైద్యుడు ఉన్నాడన్న సంగతి నాకు ముచ్చటగా తోచింది.

ఈ నది చరిత్రలో స్త్రీల గోడు కూడా ఉన్నది. నది పక్కనే, ఫ్రాన్సిస్ గ్రీన్‌వే రూపొందించిన ఫీమేల్ ఫ్యాక్టరీ 1821లో తెరిచారు. ఖైదీ స్త్రీలు అందులో నూలు వడికి, బట్టలు ఉతికి, బిడ్డలను కన్నారు. సుమారు 5,000 మంది దాని గుండా వెళ్ళారని అంచనా. 1827 అక్టోబరులో రొట్టె, పంచదార తగ్గించినప్పుడు ఆ స్త్రీలు తలుపులు బద్దలుకొట్టి ఊరిలోకి వెళ్ళి ఆహారం తెచ్చుకొన్నారు. 1840ల చివర ఆ ఆవరణ మానసిక రోగుల చికిత్సాలయంగా మారింది. అలాగే గవర్నర్ మెక్వారీ 1815 మొదట్లో పారమట్టాలో ఆదివాసీ బాలబాలికలకు బడి తెరిచాడు. 1819 వార్షిక పరీక్షలో ఆ బడికి చెందిన ఒక ఆదివాసీ బాలిక తెల్లపిల్లలందరినీ మించి ప్రథమ బహుమతి పొందింది. ఆమె మరియా అని చరిత్రకారులు గుర్తించారు. ఆ బడిని 1823లో తరలించిన చోటే నేటి బ్లాక్‌టౌన్ పేరుకు మూలం. అయితే పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి చదివించిన బడి అది. బహుమతి వెనుక ఆ వియోగం కూడా ఉన్నది.

ఇన్ని కష్టాల నడుమ కూడా మనుషులు నదిని చూసి ఆనందించడం మానలేదు. 1789లోనే ఖైదీలు కట్టిన ఒక మొరటు పడవ సిడ్నీకి, రోజ్ హిల్‌కు మధ్య తిరిగింది. దాని ఆకారం చూసి జనం ముద్ద అని ఎగతాళి చేశారు. 1831లో సర్‌ప్రైజ్ అనే ఆవిరి పడవ నదిలో దిగింది. డేవిడ్ లెనాక్స్ కట్టిన రాతి వంతెన 1839లో పూర్తయింది. అది నేటికీ నిలిచి ఉన్నది. 1855లో సిడ్నీ నుంచి రైలు వచ్చింది. 1856లో హంట్స్ క్రీక్‌పై రాతి ఆనకట్ట కట్టి లేక్ పారమట్టా అనే జలాశయం ఏర్పరచారు. అంతకు నాలుగేళ్ళ ముందే మా ధవళేశ్వరంలో కాటన్ దొరగారి ఆనకట్ట పూర్తయింది. భూగోళానికి రెండు చోట్ల ఒకే తరం ఇంజనీర్లు నీటిని నిలుపుతున్నారు. టూంగాబీకి రైలు స్టేషను 1880లో వచ్చింది.

19వ శతాబ్ది చివర ఈ నది పడవ పందాలకు ప్రపంచ ప్రసిద్ధి గాంచింది. 1884 ఆగస్టులో విలియం బీచ్ అనే కమ్మరి, కెనడా వీరుడు నెడ్ హాన్లన్‌ను ఈ నదిపై ఓడించి ప్రపంచ విజేత అయినప్పుడు గట్లన్నీ జనంతో నిండిపోయాయి. 1858లో గవర్నర్ల తోటను ప్రజల ఉద్యానంగా ప్రకటించారు. అదే పారమట్టా పార్క్. అందులోని పాత గవర్నర్ భవనం 2010 నుంచి ప్రపంచ వారసత్వ స్థలాలలో ఒకటి. అక్కడి నదీఘట్టంలో పిల్లలు ఈదేవారు. దానిని సముద్రతీరపు కూజీని తలచుకొని లిటిల్ కూజీ అని ముద్దుగా పిలిచేవారు. 1912లో దంతవైద్యుడు విలియం హార్ట్ తన విమానంలో బోటనీ నుంచి ఈ ఉద్యానానికి ఎగిరి, దేశంలో మొదటి విమాన పందెం గెలిచాడు. దంతవైద్యులకు కూడా ఆకాశంలో పని ఉంటుందని ఆనాడు తెలిసింది! 1938లో పారమట్టా నగరహోదా పొందింది. 1947లో చేరిన రగ్బీ జట్టు నేటికీ మలుగు చేపనే చిహ్నంగా ధరిస్తున్నది. 2010లో మొదలైన పారమసాలా ఉత్సవంలో మన నృత్యాలు, మన వంటలు ఆ నదీతీర నగరంలోనే చోటు చేసుకొన్నాయి.

అయినా ఆ నదిని మనుషులు గౌరవంగా చూడలేదు. 20వ శతాబ్దిలో కర్మాగారాల విషరసాయనాలు, ఊరి మురుగు అందులో కలిశాయి. నది దిగువన మట్టిలో డయాక్సిన్లు పేరుకొనిపోవడంతో 2006లో సిడ్నీ నౌకాశ్రయంలో వ్యాపారార్థం చేపలు పట్టడం నిషేధించారు. హార్బర్ వంతెనకు పడమటి వైపు పట్టిన చేపలను తినవద్దన్న హెచ్చరిక నేటికీ అమలులో ఉన్నది. వైద్యురాలిగా మన సభ్యులకు నేనూ అదే చెబుతాను. నదిని మళ్ళీ ఈతకు యోగ్యంగా చేయాలని స్థానిక పాలకసంఘాలు కలిసి సంకల్పించాయి. 2015లో లేక్ పారమట్టాలో ఈత మళ్ళీ మొదలైంది. ఇది చట్టాల వల్ల మాత్రమే జరిగే పని కాదు. వాగులో పడే ప్రతి సంచీ నదికే చేరుతుంది.

ఇక మా పొరుగింటి పెద్దావిడ చెప్పిన మలుగుల సంగతి. పొడవు రెక్కల మలుగు మన వాగుల మంచినీటిలో ఎన్నో ఏళ్ళు, కొన్ని దశాబ్దాలు కూడా జీవిస్తుంది. పరిణత వయసు రాగానే వరదనీటితో దిగువకు పోయి, సముద్రంలో చేరి, వేల కిలోమీటర్లు ఉత్తరంగా ఈది, పగడాల సముద్రపు లోతులలో గుడ్లు పెట్టి మరణిస్తుంది. గాజు ముక్కల వంటి పిల్లలు సముద్ర ప్రవాహంలో తేలుతూ వచ్చి, తాము ఎన్నడూ చూడని ఈ నదిని చేరి, తడి రాళ్ళపై, ఆనకట్టల గోడలపై పాకుతూ ఎగువ వాగులకు వస్తాయి. మా గోదావరిలో పులసది సరిగా దీనికి విరుద్ధమైన ప్రయాణం. అది సముద్రంలో బతికి, వరద గోదావరికి ఎదురీది వచ్చి గుడ్లు పెడుతుంది. పులసకు గోదావరి పుట్టినిల్లు. మలుగుకు పారమట్టా నది మెట్టినిల్లు.

ఈ సంగతి తెలిసిన తరువాత మన వలస నాకు మరొక విధంగా కనిపించింది. 2021 జనగణనలో ఈ దేశంలో ఇంట తెలుగు మాట్లాడేవారు దాదాపు 59 వేల మంది. మనం కూడా ఎక్కడో పుట్టి, ఈ నీటిని వెతుక్కొంటూ వచ్చి, ఇక్కడే జీవితమంతా గడిపేవారమే. మెట్టినింటికి వచ్చిన కోడలు ముందుగా ఆ ఇంటి పెద్దల పేర్లు తెలుసుకొంటుంది. మనం ఈ నది పెద్దల పేర్లు తెలుసుకొన్నామా? అరబానూ, బూరోంగ్, బల్లూడెరీ, పెముల్వుయ్, మరియా అన్న పేర్లు మన పిల్లలకు బడిలో ఎలాగూ వినిపిస్తాయి. మన నోట కూడా వినిపిస్తే, ఈ నేలపై వారికి మరింత చనువు కలుగుతుంది.

అందుకే ఈ వార్షికోత్సవ సందర్భంగా మన సభ్యులకు నా విన్నపం మూడు మాటలు. నిర్మాల్యాన్ని వాగులో కలపకండి. తోటలో మొక్కల మొదట వేయండి, పూలు మట్టిలో కలిస్తే దోషం లేదు. వినాయక చవితికి మట్టి ప్రతిమనే చేయించి, ఇంట బకెట్టు నీటిలో నిమజ్జనం చేసి, ఆ నీటిని చెట్లకు పోయండి. ఒక ఆదివారం పిల్లలతో టూంగాబీ క్రీక్ గట్టున నడచి, అది ఎక్కడ ఏ వాగుతో కలుస్తుందో చూపించండి.

ఈ మధ్య మా ఇంట మళ్ళీ వ్రతం జరిగింది. సంకల్పంలో ఆ చోటు రాగానే పురోహితులవారు నావైపు చూశారు. ఈసారి తడబడలేదు. టూంగాబీ, డార్లింగ్ మిల్స్ వాగుల సంగమానికి పైన, పారమట్టా నదీ సమీపాన అని చెప్పాను. వారు ఆ మాటలను సంస్కృతంలో పొదిగి, గంభీరంగా పలికారు. మా అమ్మాయి మెల్లగా నా చెవిలో, "అమ్మా, మలుగులు వింటాయంటావా?" అని అడిగింది. వింటాయని చెప్పాను. నిర్మాల్యం ఈసారి మా పెరటి మందారం మొదట చేరింది.

సర్వజనులకూ ఆరోగ్యాన్ని, ఈ నదికి నిర్మలత్వాన్ని ప్రసాదించమని స్వామివారిని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.